పొదుగు కోడికి వచ్చిన చెడ్డపేరు

పెరట్లో కోడి గుడ్లు ఆపిందంటే ఇంట్లో మొదట వినబడే మాట, "ఇగ దీన్ని కోసేద్దాం". ఆ మాట అనేది చాలాసార్లు మగవాళ్లే. "నాలుగు రోజులు ఆగుండ్రి" అనేది మనం. మనం ఆగమనడం వెనుక ఒట్టి జాలి మాత్రమే లేదు, పాత లెక్క ఒకటి ఉంది.

మా టేకుమట్ల 2016లో కొత్త మండలం అయింది. అంతకు ముందు చిట్యాల మండలంలో ఉండేది. కాగితాల్లో జిల్లా, మండలం మారినా ఊళ్లలో ఒకటి మారలేదు: పొలం పట్టా మగవాళ్ల పేరు మీద ఉంటే, కోళ్లు ఆడవాళ్లవి. గుడ్లు అమ్మిన పైసలు కొంగుముడిలోకి పోతాయి. పిల్లల పలకకూ, పండుగ గాజులకూ, అమ్మగారింటికి పోయే బస్సు చార్జీకీ ఎవర్నీ చెయ్యి చాపి అడగకుండా దొరికే పైసలు అవే. పోచమ్మకు మొక్కినా, మేడారంలో ఎదురుకోళ్లకైనా ముందు చూసేది ఇంటి గంప కిందికే.

నిజాం కాలంలో ఆ గంప కూడా ఆడవాళ్ల చేతుల్లో ఉండేది కాదు. దొరకు విందైనా, సర్కారు అధికారి ఊళ్లో దిగినా వెట్టి కింద కోళ్లు, గుడ్లు, నెయ్యి ఇచ్చుకోవాలి. వెట్టి గురించి చదివినప్పుడు మనకు భూమి, ధాన్యం, చాకిరి గుర్తుకొస్తాయి. కానీ పట్టుకుపోయిన కోడి ఎవరిదో ఆలోచించండి. అది ఒకామె కొంగుముడి. పోయిన మందను మళ్లీ నిలబెట్టడానికి ఆమెకు హేచరీ లేదు, కొనడానికి పైసలు లేవు. ఉన్నదల్లా పొదిగే పెట్ట ఒక్కటే. పన్నెండు గుడ్ల మీద కూర్చుంటే 21 రోజులకు ఎనిమిదో తొమ్మిదో పిల్లలు. మనం ఇప్పుడు లోపం అనుకుంటున్న ఆ గుణమే అప్పుడు ఇంటిని ఆదుకుంది.

నాటుకోడి అడవికోడి నుంచి వచ్చింది. అడవికోడి ఏడాదికి పది, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుతుంది. మన నాటుకోడి పది, పదిహేను పెట్టి కూర్చుంటుంది, పిల్లల్ని తిప్పుతుంది, మళ్లీ పెడుతుంది. అలా మూడు నాలుగు విడతల్లో ఏడాదికి 50, 60 గుడ్లు. మధ్యలో ఆపేది సోమరితనంతో కాదు, తల్లి పని చెయ్యడానికి.

యంత్రాల్లో గుడ్లు పొదిగించడం వచ్చాక లోకానికి ఆ తల్లి పని అక్కర్లేకపోయింది. పొదగని కోళ్లనే ఏరి ఏరి పెంచారు. తెల్ల లెగ్‌హార్న్ అలా తయారైందే, ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది. మన హైదరాబాదు చుట్టూ పెద్ద ఫారాలు లేచాయి. 1982లో డాక్టర్ బి.వి. రావు చొరవతో గుడ్ల రైతులంతా కలిసి నెక్ పెట్టుకున్నారు. గుడ్డు ఊరూరా చౌకగా దొరికింది, పిల్లల కంచాల్లోకి వచ్చింది. అది మంచిదే. కానీ గుడ్డు ఆడవాళ్ల గంప దాటి లారీ ఎక్కింది.

1988లో రాజేంద్రనగర్‌లో కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ మొదలైంది. పెరటి కోసమే అక్కడ వనరాజా, గ్రామప్రియ తయారుచేశారు. వనరాజా ఏడాదికి వంద పైచిలుకు, గ్రామప్రియ 160కి పైగా గుడ్లు పెడతాయి. చూడటానికి నాటుకోళ్లలాగే ఉంటాయి, కానీ పొదిగే గుణం చాలా తక్కువ. అందుకే కోడి గుడ్లు ఆపితే మొదట అడగాల్సింది, "ఇది ఏ కోడి?" అని.

నాటుదైతే ముందు పొదుగు అనుకోండి. రోజంతా గూట్లోనే ఉంటుంది, ఈకలు ఉబ్బిస్తుంది, చెయ్యి పెడితే కుర్రుమని పొడుస్తుంది. పిల్లలు కావాలంటే పుంజుతో తిరిగిన పెట్టల తాజా గుడ్లు పెట్టండి, ఏడో రోజు రాత్రి టార్చి వెలుగులో చూసి ఖాళీవి తీసెయ్యండి. పిల్లలు వద్దంటే గుడ్లు ఎప్పటికప్పుడు తీసి, కోడిని గాలి ఆడే జాలీలో, అడుగున ఇటుకలు పెట్టి ఎత్తుగా, మేత నీళ్లతో మూడు నాలుగు రోజులు ఉంచండి. పొట్టకు చల్లగాలి తగిలితే పొదుగు వదులుతుంది. ముక్కులో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచడం పాత పద్ధతులు. దాన్ని ఏడిపించడం తప్ప ఏమీ లేదు.

కోడి గూట్లో కూర్చోకుండా, తోక కిందికి వేసి ముక్కుతుంటే గుడ్డు లోపల ఇరుక్కుందేమో చూడాలి. గోరువెచ్చని నీళ్లలో పావుగంట కూర్చోబెట్టి, తుడిచి, చీకటిగా ఉన్న మూల ఉంచండి. పొట్ట నొక్కకండి, లోపల గుడ్డు పగిలితే కోడి దక్కదు. ఆ రోజు గుడ్డు రాకపోతే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

తోలుగుడ్లు పెడుతుంటే సున్నం చాలడం లేదని అర్థం. ఒక్క గుడ్డుకు పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు పడుతుంది. ఇంట్లో వాడిన పెంకులు వేయించి, పొడిచేసి వేరే చిప్పలో పెట్టండి. నూకలూ తౌడూ ఒక్కటే సరిపోవు. చలికాలం పొద్దు తగ్గినా, ఈకలు రాల్చినా గుడ్లు ఆగుతాయి. అది రోగం కాదు.

మందంతా ఒక్కసారే గుడ్లు ఆపి, పచ్చగా పారుకుంటూ, మెడలు వంకర పోతుంటే అది కొక్కెర. 1927లో మన దేశంలో మొదట రాణీఖేత్‌లో కనబడింది, అందుకే డాక్టర్లు ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. వచ్చాక మందు లేదు. మొదటి వారంలో కంట్లో వేసే లసోటా చుక్కలు, తర్వాత టీకాలు, అంతే రక్ష.

గ్రామప్రియలు పెంచండి, గుడ్లు బాగా వస్తాయి. వాటి మధ్య ఒకటి రెండు నాటు పెట్టల్ని కూడా ఉంచుకోండి. హేచరీ పిల్లలు దొరకని ఏడాది, కొక్కెర వచ్చి మంద ఊడ్చుకుపోయిన ఏడాది గంప మళ్లీ నింపేది అవే. ఈసారి అది గుడ్లు ఆపి కూర్చుంటే, కత్తి తీసే వాళ్లకు దాని లెక్క చెప్పండి.