అన్నా తమ్ముడూ కాని బ్రదర్

తెలుగులో 'బ్రదర్'కి సరైన మాట లేదు. సోదరుడు, సహోదరుడు అనేవి పుస్తకాల్లోనూ సభల్లోనూ బతికే మాటలు. ఇంట్లో ఉండేది అన్న, లేకపోతే తమ్ముడు. ఎవరు ముందు పుట్టారో తేలితే గానీ మనకి పిలుపు మొదలవదు. అమెరికాలో డిగ్రీ చదివే రోజుల్లో నేను చేరిన ఫ్రెటర్నిటీలోనూ ఇదే పద్ధతి. పేరుకి అందరూ బ్రదర్సే. కానీ కొత్తగా చేరినవాడికి ఒక 'బిగ్ బ్రదర్' ఉంటాడు, అతనికి వీడు 'లిటిల్'. ఆ బిగ్‌కి ఇంకో బిగ్. అలా వంశవృక్షం గీసి దాచుకుంటారు. నా బిగ్ గుజరాతీ. అతన్ని ఇప్పటికీ 'అన్నా' అనే పిలుస్తాను.

ఈ వ్యవహారం మొదలైంది 1776 డిసెంబరు 5న, వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుని అప్పటికి ఐదు నెలలు. కొందరు విద్యార్థులు కలిసి ఫై బీటా కప్పా అనే సంఘం పెట్టుకున్నారు. ఒక గ్రీకు నినాదంలోని మొదటి అక్షరాలే దాని పేరు. ప్రమాణం, రహస్య కరచాలనం, తలుపులు మూసుకుని చర్చలు. తర్వాతి కాలంలో అది రహస్యాన్ని వదిలేసి, బాగా చదివేవాళ్ళని గౌరవించే సంస్థగా మారిపోయింది. మనం ఇప్పుడు సినిమాల్లో చూసే ఫ్రెటర్నిటీకి అసలు నమూనా న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో తయారైంది. 1825లో కప్పా ఆల్ఫా సొసైటీ, 1827లో మరో రెండు. అప్పటి కాలేజీ అంటే లాటిన్, గ్రీకు పాఠాలు అప్పజెప్పడం, తప్పనిసరి ప్రార్థనలు, నెత్తిమీద మాస్టర్లు. కుర్రాళ్ళకి తమదంటూ ఒక గది కావాల్సొచ్చింది.

గది అన్నాక తలుపుంటుంది. తలుపున్నాక బయట ఎవరో ఒకరు నిలబడాల్సిందే. ఇరవయ్యో శతాబ్దంలో చాలా జాతీయ ఫ్రెటర్నిటీలు తెల్లవాళ్ళకి, అందులోనూ క్రైస్తవులకి మాత్రమే ప్రవేశమని నిబంధనల్లోనే రాసుకున్నాయి. 1948లో ఆమ్‌హర్స్ట్ కాలేజీలోని ఫై కప్పా సై శాఖ ఒక నల్లజాతి విద్యార్థిని చేర్చుకుంటే, జాతీయ సంస్థ ఆ శాఖనే వెలివేసింది. ఆ కుర్రాళ్ళు వెనక్కి తగ్గలేదు. పేరు మార్చుకుని విడిగా కొనసాగారు.

బయట నిలబడ్డవాళ్ళు ఊరుకోలేదు, సొంత గదులు కట్టుకున్నారు. యూదు విద్యార్థులు 1890ల్లోనే మొదలుపెట్టారు. 1905-06లో కార్నెల్‌లో గుప్పెడుమంది నల్లజాతి విద్యార్థులు ఉండేవారు. ముందు ఏడాది చదివిన తమవాళ్ళు కొందరు తిరిగి రాకపోవడం చూసి, చదువు మధ్యలో ఆగిపోకుండా ఒకరికొకరు సాయం చేసుకోవాలని ఒక బృందంగా కూడారు. దాన్ని సాహిత్య సంఘంగా ఉంచాలా, ఫ్రెటర్నిటీ చేయాలా అని వాళ్ళలోనే వాదన నడిచింది. 1906 డిసెంబరు 4న అది ఆల్ఫా ఫై ఆల్ఫా అయింది. వ్యవస్థాపకులు ఏడుగురు.

నాకు ఆసక్తి కలిగించేది ఆ ఏడుగురి తర్వాతి జీవితం. వర్ట్‌నర్ టాండీ న్యూయార్క్ రాష్ట్రంలో లైసెన్సు పొందిన మొదటి నల్లజాతి ఆర్కిటెక్ట్. యూజీన్ కింకల్ జోన్స్ నేషనల్ అర్బన్ లీగ్‌ని ఏళ్ళ తరబడి నడిపాడు. హెన్రీ క్యాలిస్ డాక్టరయ్యాడు. 1952లో బోస్టన్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మార్టిన్ లూథర్ కింగ్ ఆ సంఘంలో చేరాడు. 2011లో వాషింగ్టన్‌లో కింగ్ స్మారకం తెరుచుకుందంటే, దాన్ని తలపెట్టి దశాబ్దాలపాటు వెంటపడింది ఈ సంఘమే. వాళ్ళకి సభ్యత్వం నాలుగేళ్ళ ముచ్చట కాదు. చదువు అయిపోయినవాళ్ళకీ ఊరూరా శాఖలుంటాయి.

మన దక్షిణాసియా పిల్లల వంతు 1990ల్లో వచ్చింది. 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సిగ్మా బీటా రో, 1998లో ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై. నేను చేరినదీ ఆ అలలో పుట్టిన ఒక సంఘమే. మమ్మల్ని ఎవరూ తరిమేయలేదు. పేరు సరిగ్గా పలికేవాళ్ళు లేరు, అంతే. మా ఇంట్లో తెలుగువాళ్ళు, పంజాబీలు, ఒక బంగ్లాదేశీ, ఇద్దరు పాకిస్తానీలు. మా అమ్మానాన్నలు వెళ్ళే తెలుగు సంఘాల్లో ఎవరు ఎటువైపో ఇంటిపేరు చెప్పేస్తుంది. ఫ్రెటర్నిటీలో నా ఇంటిపేరు ఎవరూ ఆరా తీయలేదు. ఆ ఊపిరి తీసుకునే వీలు నాకు మొదటిసారి దొరికింది అక్కడే.

అయితే ఇంటిపేరు అడగని తలుపుకి ఇంకో గడియ ఉంది. వాళ్ళు హేజింగ్ అంటారు, మనం ర్యాగింగ్ అంటాం. ఎనిమిది వారాలు నిద్రలేని రాత్రులు, వ్యవస్థాపకుల పేర్లు అప్పజెప్పడం, గోడవైపు తిరిగి నిలబడడం. అదే మమ్మల్ని కలిపిందని మావాళ్ళు ఇప్పటికీ అంటారు. 1959లో అరాన్‌సన్, మిల్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. బృందంలో చేరడానికి ఎక్కువ ఇబ్బంది పడ్డవాళ్ళకి, నిజానికి విసుగు పుట్టించే ఆ బృందం చర్చే ఎక్కువ బాగుందనిపించింది. అంత పడ్డాక ఇది గొప్పది కాదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. మా బ్యాచిలో పదకొండుమందిమి మొదలుపెట్టాం, మిగిలింది ఎనిమిదిమందిమి. ఆ ముగ్గురి పేర్లు వంశవృక్షంలో లేవు, వాట్సాప్ గ్రూపులోనూ లేవు. వాళ్ళూ మాతోపాటు ఆరు వారాలు గోడవైపు నిలబడ్డవాళ్ళే.

మన రాజ్యాంగ పీఠికలోనూ ఫ్రెటర్నిటీ ఉంది, సౌభ్రాతృత్వం పేరుతో. ఆ మాటని ముసాయిదాలో చేర్చింది అంబేద్కర్ అధ్యక్షతన పనిచేసిన కమిటీ. ఆయన 1913లో కొలంబియాలో చదువుకోవడానికి అమెరికా వచ్చినవాడు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, సౌభ్రాతృత్వం లేకపోతే స్వేచ్ఛా సమానత్వాలు పైపూతగానే మిగులుతాయని హెచ్చరించాడు. ఆయన చెప్పిన బంధుత్వానికి ప్రవేశ పరీక్ష లేదు. ఎంచుకోనివాళ్ళతో, మనని ఎంచుకోనివాళ్ళతో కూడా కలుపుకోవాల్సిన చుట్టరికం అది. నాకు దొరికిన ఫ్రెటర్నిటీ దానికంటే చాలా సులువైనది.

సులువైనదని చిన్నచూపు లేదు. నాన్నకి గుండెపోటు వచ్చిన రాత్రి మూడు ఊళ్ళనుంచి మా బ్రదర్స్ కార్లేసుకుని వచ్చారు. వాళ్ళలో డాక్టరైనవాడు రిపోర్టులు చదివి, అమ్మకి అర్థమయ్యేలా వచ్చీరాని హిందీలో చెప్పాడు. చుట్టాలు తర్వాతి వారం వచ్చారు.

ఈ ఏడు మా అక్క కొడుకు కాలేజీకి వెళ్తున్నాడు. "మావయ్యా, రష్‌కి వెళ్ళమంటావా?" అని అడిగాడు. వెళ్ళమన్నాను. 2024 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం హేజింగ్‌కి పాల్పడ్డ సంఘాల వివరాలు కాలేజీలు బయటపెట్టాలి, ముందు అది చదువుకోమన్నాను. తర్వాత ఆ ఇంట్లో ఎవరినైనా పట్టుకుని, మధ్యలో మానేసి వెళ్ళిపోయినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో అడగమన్నాను. వాళ్ళ పేర్లు గుర్తున్న ఇల్లయితే చేరమన్నాను.