తెలుగు అక్షరాభ్యాసము: ఇసుక మొదలు గాజుపలక వరకు

తెలుగునాట బిడ్డకు అయిదవయేడు రాగానే అక్షరాభ్యాసము చేయుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. పళ్ళెములో బియ్యము పరచి, తండ్రియో గురువో బిడ్డ చూపుడువ్రేలు పట్టుకొని ఓం నమశ్శివాయ అని వ్రాయించును. మన అక్షరములకు ఓనమాలు అను పేరు దీనినుండియే కలిగినది. ఇందులకై బాసర సరస్వతీ ఆలయమునకు నేటికిని కుటుంబములు దూరప్రాంతములనుండి వచ్చుచున్నవి. ఈ తంతులో గమనింపదగిన విషయ మొకటి కలదు. బిడ్డ అక్షరమును చదువుటకు ముందే గీయుచున్నాడు. చేయి, నాలుక, కన్ను అను మూటిలో చేతికే అగ్రతాంబూలము. గడచిన రెండు వందల ఏండ్లలో వచ్చిన ప్రతి కొత్త సాధనమును ఈ వరుసను కొంత మార్చినది. ఆ మార్పు ఫలితము తెలుగునాట కంటెను, చుట్టును వేరు లిపులు గల నగరములలో పెరుగుచున్న తెలుగుబిడ్డలయందు స్పష్టముగా కనబడుచున్నది.

పూర్వపు వీధిబడుల తీరు తెలియుటకు మంచి సాక్ష్యము ఆంగ్లేయుల కచేరీ కాగితములలో దొరకుచున్నది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలలను గూర్చి జిల్లా కలెక్టర్లను వివరము లడిగెను. 1826లో ఆయన క్రోడీకరించిన లెక్క ప్రకారము రాజధాని మొత్తములో 12,498 పాఠశాలలు, వానిలో 1,88,650 మంది విద్యార్థులు ఉండిరి. కలెక్టర్లు పంపిన జవాబులలో మిక్కిలి విపులమైనది 1823లో బళ్ళారినుండి కాంప్‌బెల్ దొర వ్రాసినది. ఆయన అంతకుముందే తెలుగునకు వ్యాకరణము వ్రాసినవాడు. బడిలో ఏమి చూడవలెనో ఎరిగినవాడు. ఆ జిల్లాలో 533 బడులు ఉండినవి. పిల్లలు మొట్టమొదట నేలపై ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచుండిరనియు, పిమ్మట ఆకులమీదను, బొగ్గు పూసిన కడితములమీదను వ్రాయుచుండిరనియు ఆయన తెలిపెను. పైతరగతివారు క్రిందివారికి నేర్పు పద్ధతిని ఆయన మెచ్చుకొనెను. అంత తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పుట ఆయనకు అబ్బురముగా తోచినది.

కాని ఆయన లోపమును దాచలేదు. పాఠములు పద్యములు, వాని భాష ఇంటి మాటకు దూరము, కావున పిల్లలు అర్థము తెలియకయే చిలుకలవలె వల్లించుచుండిరి. మరియు పది లక్షలకు దగ్గరగానున్న జిల్లా జనాభాలో ఏడువేల మందియైనను బడిలో లేరు. వీధిబడులను ఆకాశమునకెత్తి పొగడువారును, వానిలో ఏమియు లేదని త్రోసివేయువారును ఈ నివేదికలో తమకు కావలసిన సగమునే చదువుచుందురు.

ఆ ఇసుక సముద్రము దాటిన కథయు కలదు. మద్రాసు ఎగ్మూరులో సైనికుల పిల్లల అనాథాశ్రమమునకు 1789లో అధిపతియైన ఆండ్రూ బెల్, సమీపమున ఒక దేశీయపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి తన బడిలోను ప్రవేశపెట్టెను. ఉపాధ్యాయులు ఈ పనికి ఇష్టపడకుండుటచే ఒక పెద్ద పిల్లవానినే నియమించెను. 1797లో ఆయన ఇంగ్లండున ప్రకటించిన పుస్తకమువలన ఈ పద్ధతి మద్రాసు పద్ధతియను పేర అచ్చటి బీదపిల్లల పాఠశాలలలో వ్యాపించినది.

అచ్చుపుస్తకము వచ్చిన తరువాత కంటికి పని పెరిగినది. పుదూరు సీతారామశాస్త్రి గారి బాలశిక్ష 1832లో వెలువడినది. అదియే క్రమముగా పెరిగి పెద్దబాలశిక్ష యైనది. అక్షరములు, గుణింతములు, ఒత్తులు, లెక్కలు, నీతులు అన్నియు ఒక్కచోట దొరకుటచే గురువు లేని ఇంటను తల్లియో తాతయో పాఠము చెప్పుటకు వీలైనది. అయినను పలక, బలపము ప్రక్కననే ఉండినవి. పుస్తకములోని క గుణింతము పలకపైకి రానిదే పాఠము పూర్తికాలేదు. అందువలన అచ్చు చేతిని తొలగింపలేదు. దానికి ఒక నమూనా నిచ్చినది.

రేడియో, టెలివిజనులు చెవికిని కంటికిని విందు చేసినవే కాని ఓనమాలకు నేరుగా చేసిన మేలు తక్కువ. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఉపగ్రహమువలన ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు విద్యా ప్రసారములు జరిగినవి. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండినవి. ఏడాది కాగానే ఆ ప్రయోగము ముగిసినది.

ఈ యంత్రముల చరిత్ర నడుమ కేవలము కాగితపు వాచకముతో జరిగిన ఒక సంఘటనను మరువరాదు. 1990 ప్రాంతమున నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగినది. రాత్రి కేంద్రములలో స్త్రీలు చదివిన పాఠములలో సీతమ్మ కథ యొకటి. పల్లెలోని సారా దుకాణమును ఆడువారు కలిసి మూయించుట ఆ కథలోని విషయము. దూబగుంట స్త్రీలు పాఠము చదివి ఊరకుండలేదు. తమ ఊరి దుకాణమును మూయించిరి. 1992లో ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరులో ప్రభుత్వము సారాను నిషేధించువరకు పోయినది. చిలుక పలుకులను గూర్చి కాంప్‌బెల్ వ్రాసిన 170 ఏండ్లకు, తన జీవితమే పాఠములో కనబడినప్పుడు అక్షర మెంత పనిచేయునో ఈ స్త్రీలు చూపిరి.

1991 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత నూటికి 44 మాత్రమే. ఈ స్థితిలో టాటా కన్సల్టెన్సీ సంస్థ పెద్ద ఫకీర్ చంద్ కోహ్లీ గారి ప్రోత్సాహముతో ఒక కంప్యూటరు పద్ధతి రూపొందినది. 2000వ సంవత్సరమున మెదకు జిల్లా బీరంగూడలో, తెలుగు భాషలో, దానిని మొదటిసారి పరీక్షించిరి. ఇతరులు వాడి విడిచిన పాత కంప్యూటర్లే అందులకు చాలినవి. వయోజనులకు అ, ఆ మొదలు నేర్పక, వారు నిత్యము పలుకు మాటలనే బొమ్మలాట ఫక్కిని తెరపై చూపి, వినిపించి, మాటను మొత్తముగా గుర్తింపజేసి, పిమ్మట దానిని అక్షరములుగా విడదీసి చూపుదురు. సుమారు 40 గంటలలో కొన్ని వందల మాటలు చదువగలుగుట దాని లక్ష్యము. వ్రాత నేర్పుట ఉద్దేశము కాదు. వాడుక తెలుగు నోట నిండుగానున్న పెద్దవారికి ఇది మంచి ఉపాయమే. నోట తెలుగు పలుచగానున్న నగర బాలునకు ఇదే ఉపాయము పనిచేయునని తలచుట పొరపాటు. మాట ముందే మనసులో ఉన్నప్పుడే కదా తెరపై దానిని గుర్తించుట!

కంప్యూటరులో తెలుగు వ్రాయుట వేరొక కథ. 1980ల దశకమున భారతప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ లిపులన్నిటికిని ఉమ్మడిగా ఇన్‌స్క్రిప్టు కీబోర్డును నిర్ణయించినది. దీనిలో నాగరి కకారమునకు ఏ మీటయో తెలుగు కకారమునకును అదే మీట. హిందీ బడిలో చదువు తెలుగుపిల్లలకు ఇంతకంటె దగ్గర దారి లేదు. అయినను ఇంటిలో దానిని నేర్పువారు అరుదు. 1991లో యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించినది. ఆ దశకముననే అమెరికాలోని తెలుగు యువకులు ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయు పద్ధతులు కల్పించుకొనిరి. వానిలో హ్యూస్టన్ నగరపు రైస్ విశ్వవిద్యాలయమునుండి వచ్చినది ప్రసిద్ధము. పెద్ద అక్షరము, చిన్న అక్షరము భేదముచే త, ట లను, ల, ళ లను వేరుచేసి వ్రాయవలెను. వర్ణక్రమము తెలియనివాడు ఆ పద్ధతిలో ఒక్క వాక్యమైనను సరిగా వ్రాయలేడు. వారందరు ఇంటివద్ద పలకపై దిద్ది వచ్చినవారే.

నేటి స్మార్ట్‌ఫోనులో ఆ నిర్బంధము లేదు. బాలుడు ఇంగ్లీషు అక్షరములలో కల అని కొట్టినచో కల, కళ, కాల అను మాటలు వరుసగా ముందు నిలుచును. పాత, పాట లకును అదే గతి. ఎరిగినవాడు ఎన్నుకొనును, ఎరుగనివాడు మొదటిదానిని నొక్కును. తెలుగు అక్షరముల మీటలే గల కీబోర్డును అదే ఫోనులో పెట్టుకొనవచ్చును. దానిలో హల్లు నొక్కి గుణింతపు గుర్తు చేర్చవలెను గనుక వ్రాయుటయే గుణింతము వల్లించుట యగును. ఈ రెండును ఉచితమే. ఏది తెరచి బిడ్డ చేతికిచ్చుదుమన్నది ఇంటివారి చేతిలోని పని. యంత్రములకును మన లిపి ఇంకను కొరుకుడు పడవలసియున్నది. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులు ఒక్క తెలుగు అక్షరము కనబడగానే స్తంభించిపోయినవి. ఆ అక్షరము జ్ఞా!

2020 మార్చిలో మహమ్మారివలన బడులు మూతపడెను. తెలంగాణలో సెప్టెంబరు 1 మొదలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారా పాఠములు సాగినవి. పాఠము ఇంటికి వచ్చినది కాని దిద్దించు చేయి వెంట రాలేదు. దేశ గ్రామీణ ప్రాంతములలో మూడవ తరగతి బాలబాలికలలో రెండవ తరగతి పాఠము చదువగలవారు 2018లో నూటికి 27.3 మంది ఉండగా 2022 నాటికి 20.5 మందియే మిగిలిరని అసర్ నివేదిక తెలిపినది. 2024కు అది 27.1కి చేరినది. ఆ యేటి నివేదికయే మరొకటి చూపినది: పదునాలుగు మొదలు పదునారేండ్ల వయసువారిలో నూటికి 57 మంది ఆ వారములో చదువునకు ఫోను వాడగా, సామాజిక మాధ్యమములకు వాడినవారు 76 మంది.

ఢిల్లీలో తెలుగుపిల్లల చదువునకై దుర్గాబాయమ్మ గారు 1948లో ఆంధ్ర విద్యాసంఘమును స్థాపించిరి. ఆ బడులకు పోగలిగిన పిల్లలకు తెలుగు ఒక పాఠ్యవిషయముగా దొరకినది. మిగిలినవారికి నాగరి, ఇంగ్లీషుల తరువాత తెలుగు మూడవ లిపి. దానికి ఇల్లే బడి. అట్టి ఇండ్లలో నేడు అక్షరములు దిద్దించు యాప్‌లు వచ్చినవి. బిడ్డ గాజుతెరపై వ్రేలితో గీయును. చెరిపినచో ఇసుకవలెనే చెరగును. బాణపు గుర్తులు త్రోవ చూపును. తలకట్టు ఎచట మొదలుపెట్టినను మెచ్చుకొను యాప్‌లును కలవు. వీధిబడిలో ప్రక్కన కూర్చున్న పెద్ద పిల్లవాడు అట్లు ఊరకుండెడివాడు కాడు. చెరిపి మరల వ్రాయించెడివాడు. ఇంట అన్నయో అక్కయో రోజుకు పావుగంట ఆ పిల్లవాని స్థానమున కూర్చున్నచో తెరపైనను అదే పని జరుగును.

ఇప్పుడు మరియొక మార్పు నడుచుచున్నది. మాటాడినచో ఫోనే తెలుగున వ్రాయును. వచ్చిన జాబును ఫోనే చదివి వినిపించును. నెల్లూరులోని అమ్మమ్మకు ఢిల్లీనుండి మనుమరాలు నిత్యము తెలుగున జాబు పంపవచ్చును, జవాబు వినవచ్చును. అందులకు ఆమెకు ఓనమాలు రానక్కరలేదు.