జిమ్నీలో గేర్ పక్కన ఆ చిన్న లివర్ ఎందుకు? 4హెచ్, 4ఎల్ ఎప్పుడు వేయాలంటే..

సైజు చిన్నదే.. కానీ బురదైనా, ఇసుకైనా, రాళ్ల దారైనా తగ్గేదే లేదు. 2023 జూన్‌లో మన దేశంలో లాంచ్ అయిన మారుతీ సుజుకీ ఐదు డోర్ల జిమ్నీ పొడవు 4 మీటర్ల లోపే. 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్, లాడర్ ఫ్రేమ్ ఛాసిస్, 210 ఎంఎం గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్నాయి. అసలు బలం మాత్రం 'ఆల్‌గ్రిప్ ప్రో' ఫోర్ వీల్ డ్రైవ్‌దే. గేర్ లివర్ పక్కనున్న చిన్న లివర్‌తో దీన్ని మారుస్తారు.

2హెచ్: పవర్ వెనక చక్రాలకే వెళ్తుంది. సిటీలో, హైవేపై ఇదే వాడాలి.

4హెచ్: నాలుగు చక్రాలకూ పవర్. తడి మట్టి, ఇసుక దారులకు. నేరుగా వెళ్తుంటే 100 కి.మీ. స్పీడ్ లోపు బండి ఆపకుండానే వేయొచ్చు.

4ఎల్: బండి పూర్తిగా ఆపాకే వేయాలి. స్పీడ్ తగ్గుతుంది, చక్రాలకు లాగే శక్తి పెరుగుతుంది. నిటారు ఎత్తులు, లోతు బురదకు ఇదే దిక్కు.

ఈ తప్పు చేయొద్దు!

పొడి తారు రోడ్డుపై 4హెచ్ వద్దు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. కానీ ఇందులో సెంటర్ డిఫరెన్షియల్ లేదు. అందుకే ముందు, వెనక యాక్సిల్స్ ఒకే వేగంతో తిరుగుతాయి. మట్టిలో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. తారుపై జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్లపై పడుతుంది. స్టీరింగ్ బిగుసుకుంటుంది, టైర్లు త్వరగా అరుగుతాయి, ట్రాన్స్‌ఫర్ కేస్ కూడా దెబ్బతినొచ్చు.

ఇంకో మాట.. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని ముందుకు లాగుతుందే తప్ప బ్రేకులను పెంచదు. వానలో స్పీడ్ తగ్గించాల్సిందే. తారు రోడ్డు ఎక్కగానే 2హెచ్‌కి మార్చడం మర్చిపోవద్దు.