ముందే చెప్పిన కొలత: కంప్యూటర్ బృంద పరిశోధన నడిచిన దారి

పశ్చిమ ఢిల్లీ జనక్‌పురిలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి బడి ఒకటుంది. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ నెలకొల్పిన సంస్థ అది. అక్కడే సి-4 బ్లాకులో, 1999లో మొదలైన మహారాజా సూరజ్‌మల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది. సీబీఎస్ఈ బడుల్లో కంప్యూటర్ సైన్స్ తీసుకున్న పన్నెండో తరగతి పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి ప్రాజెక్టు చేయాలి. గడువుకు కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టాలని పాఠ్యప్రణాళికే చెబుతుంది. ఇంజనీరింగ్‌కు వెళ్లాక అదే పని పెద్దదవుతుంది: సినాప్సిస్, గైడు, రివ్యూలు, ఆఖరికి డెమో, వైవా. ఈ పద్ధతికి వెనక పెద్ద చరిత్రే ఉంది. అందులో తెలుగువాళ్ల పాలు తక్కువేమీ కాదు.

1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో సమావేశం జరిగింది. పెద్ద ప్రోగ్రాములు గడువు దాటిపోతున్నాయని, ఖర్చు చేయి దాటుతోందని నిపుణులు అక్కడ బాహాటంగా ఒప్పుకున్నారు. ఆ డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో తొంభై నిమిషాల పాటు తన బృందం తయారుచేసిన వ్యవస్థను జనం ముందు నడిపి చూపించారు. మౌస్‌ను లోకం చూసింది ఆ రోజే. ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తగా మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని ఐబీఎం అనుభవంతో ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాశారు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది 1971లో మొదలైన ప్రాజెక్టు. మనిషి మాటను కంప్యూటర్ అర్థం చేసుకోవడం దాని లక్ష్యం. అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ ఆర్పా డబ్బిచ్చింది. అలెన్ న్యూయెల్ అధ్యక్షతన ఒక బృందం ముందుగా నివేదిక రాసింది. ఐదేళ్లలో ఏం సాధించాలో అందులో అంకెలతో సహా ఉంది: వెయ్యి మాటల పదసంపద, పది శాతానికి లోపు అర్థదోషం. పని మొదలవకముందే ఏది గెలుపో, ఏది ఓటమో కాగితం మీద తేలిపోయింది.

ఆ పనిలో దిగిన ప్రయోగశాలల్లో కార్నెగీ మెలన్ ఒకటి. అక్కడి బృందానికి నాయకుడు దబ్బాల రాజగోపాల్ రెడ్డి, అదే రాజ్ రెడ్డి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, గిండీలో ఇంజనీరింగ్ చదివి, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేట్ చేసినవారు. వారి హియర్సే-2లో ధ్వనులు తెలిసిన భాగం, పదాలు తెలిసిన భాగం, వాక్యనిర్మాణం తెలిసిన భాగం వేరువేరుగా ఉండేవి. ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోకుండా, అన్నీ తమ ఊహలను ఒకే నల్లబల్ల మీద రాసేవి. మనుషుల పని పంపకానికీ అది కలిసొచ్చింది. ఒకరి భాగం మార్చినంత మాత్రాన తక్కినవాళ్ల పని చెడదు కదా!

అదే చోట జేమ్స్ బేకర్ డ్రాగన్ అనే వేరే తరహా వ్యవస్థ కట్టారు. డ్రాగన్‌లోనూ మొదటి హియర్సేలోనూ ఉన్న మంచిని కలిపి బ్రూస్ లోవెర్ హార్పీని తయారుచేశారు. 1976లో గడువు వచ్చేసరికి 1,011 మాటలతో, సుమారు ఐదు శాతం దోషంతో హార్పీ లక్ష్యాన్ని దాటేసింది. ఒకే గూటిలో భిన్నాభిప్రాయాలకు చోటిచ్చిన నాయకత్వం వల్లే ఇది సాధ్యమైందని నా నమ్మకం. 1994లో రాజ్ రెడ్డికి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ పురస్కారం దక్కింది.

మన దేశంలో ఈ సంప్రదాయం అందంగా కనిపించేది అక్షర భారతి బృందంలో. ఐఐటీ కాన్పూర్‌లో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ తదితరులు పాణినీయ వ్యాకరణం ఆధారంగా అనువాద వ్యవస్థలు కడుతూ, బృందం పేరును కూడా రచయిత పేరుగా వేశారు.  అనుసారక అనే వారి అనువాద వ్యవస్థల్లో తెలుగు నుంచి హిందీకి నడిచేదీ ఉంది. తర్వాత ఆ కృషి 1998లో ఏర్పడిన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి చేరింది. ఆ సంస్థ పాలకమండలికి రాజ్ రెడ్డి అధ్యక్షత వహించారు. ట్రిపుల్ ఐటీతో సహా పదకొండు సంస్థలు కలిసి కట్టిన సంపర్క్ అనువాద వ్యవస్థ తొమ్మిది భాషాజంటల మధ్య రెండువైపులా పనిచేసేలా రూపొందింది. అన్ని సంస్థల ముక్కలనూ అతికించడానికి వాడిన డాష్‌బోర్డు ఆ పాత నల్లబల్ల పద్ధతి మీదే నిలబడింది.

ఇక విద్యార్థుల పోటీల సంగతి: 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ సాఫ్ట్‌వేర్ విభాగంలో ఆరుగురి జట్టుకు 36 గంటలిస్తుంది. జట్టులో కనీసం ఒక అమ్మాయి ఉండాలన్న నియమం మెచ్చదగ్గదే. ఉత్సాహానికి అది మంచిది. పరిశోధనకు మాత్రం చాలదు. పొరపాటు ఎక్కడుందో వెతికి, దారి మార్చుకోవడానికి నెలలు కావాలి.

జనక్‌పురిలో ఈ ఏడాది ప్రాజెక్టు మొదలుపెడుతున్న పిల్లలకు ఒక్క మనవి. సినాప్సిస్ మొదటి పేజీలోనే మీ లక్ష్యాన్ని అంకెతో రాయండి. ఆఖరి రోజు పీపీటీలో మొదటి స్లైడుగా అదే అంకెను పెట్టి, పక్కన మీకు వచ్చిన ఫలితం చూపండి. తక్కువొచ్చినా సరే, దాచకుండా చూపండి.