ఖాజీగారి లుక్మా, వలందుల నూనె కేకు, మా ఇంటి ఎయిర్ ఫ్రయర్

‘వీగన్’ అనే లఫ్జుకి ఇంకా వందేళ్ళ ఉమర్ కూడా లేదు. 1944 నవంబర్‌లో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్ అనే పంతులు, ఇంకొందరు సాథీలు కలిసి ఈ మాట పుట్టించారు. ఆయన బడిపిల్లలకు వడ్రంగం నేర్పేవాడు. ‘వెజిటేరియన్’ అనే ఇంగ్లిషు మాటలోంచి మొదటి మూడక్షరాలు, చివరి రెండక్షరాలు తీసుకున్నారు. మాంసం ఒక్కటే కాదు, పాలు, నెయ్యి, గుడ్డు, తేనె కూడా వద్దనేవాళ్ళకి అది పేరైంది.

ఆ మాట ఇప్పుడు మన గల్లీల్లోకి కూడా వచ్చేసింది. మా బిడ్డ పోయిన ఏడాది నుంచి జానవర్‌తో వాస్తా ఉన్న ఏ చీజూ ముట్టడం లేదు. వాళ్ళ నానీకి అది అర్థం కాలేదు. “ముసల్మాన్ ఇంట్ల పుట్టి పాలు, అండా వద్దనుడేంది బేటా? హలాల్ చీజుల్ని నీకు నువ్వే హరామ్ చేసుకుంటవా?” అంది. వాళ్ళ మామూ సవాల్ ఇంకా కఠినమైనది. “వాళ్ళు మన ఫ్రిజ్‌లు తెరిచి చూసే జమానాల, నువ్వే పోయి వాళ్ళ దిక్కు కూసుంటవా?” అన్నాడు.

అది ఊరికే అన్న మాట కాదు. 2015 సెప్టెంబర్‌లో దాద్రీ దగ్గరి ఒక ఊళ్ళో, ఇంట్లో ఆవు మాంసం దాచాడన్న పుకారు మీద మహమ్మద్ అఖ్లాక్‌ని గుంపు కొట్టి చంపింది. అద్దెకి ఇల్లు అడిగితే ముందు పేరు అడుగుతారు, తర్వాత ‘నాన్‌వెజ్ వండుతారా’ అని అడుగుతారు. బడిలో పేదపిల్లల పళ్ళెంలో గుడ్డు ఉండాలా వద్దా అని ప్రభుత్వాలు బహస్ పెడతాయి. ఇలాంటి మాహోల్‌లో మాంసం తినకపోవడం ఒక ఖౌమ్ సొత్తుగా, తినడం ఇంకో ఖౌమ్ గుర్తుగా మారిపోయింది. ఇక పదహారేళ్ళ పిల్ల తన దిల్‌కి తోచిన మాట చెప్పినా, అది ఎవరికో సలాం కొట్టినట్టే వినిపిస్తుంది.

ఈ సవాల్‌కి జవాబు కోసం నేను తారీఖ్‌లోకి పోయాను. ఆ రోజుల్లో ఇంట్లో బహస్ నడుస్తున్నది డోనట్ గురించి. రంజాన్‌లో ఇఫ్తార్‌కి గుడ్డు, పాలు లేని డోనట్ కావాలంది మా బిడ్డ. అందుకే డోనట్‌తోనే మొదలుపెట్టాను.

డోనట్ అనగానే అమెరికా గుర్తొస్తుంది. కానీ పులిసిన పిండిని నూనెలో వేయించి తీపిలో ముంచే హునర్ అమెరికా పుట్టకముందే బగ్దాద్‌లో ఉంది. పదో శతాబ్దంలో ఇబ్న్ సయ్యార్ అల్-వర్రాక్ రాసిన అరబ్బీ వంటల కితాబులో ‘జలాబియా’ కోసం ఒక బాబ్ ఉంది. అంతకు ముందే, 896లో ఇంతెఖాల్ అయిన షాయర్ ఇబ్న్ అల్-రూమీ జలాబియా వేసే మనిషి మీద కవిత కట్టాడు. మన జిలేబీ పేరు ఆ జలాబియా నుంచి వచ్చిందే.

1226లో ముహమ్మద్ బిన్ హసన్ అల్-బగ్దాదీ ఇంకో వంటల కితాబు రాశాడు. మంగోలులు బగ్దాద్‌ని తగలబెట్టడానికి 32 ఏళ్ళ ముందు మాట అది. అందులో ‘లుఖమ్ అల్-ఖాజీ’ అని ఒక మిఠాయి ఉంది. ఖాజీగారి లుక్మాలు అని మానీ. లుక్మా అంటే ఒక ముద్ద. ఉర్దూలో మనం రోజూ వాడే లఫ్జే. దాని తర్కీబ్ చాలా ఛోటా. పిండి గట్టిగా కలిపి పులియబెట్టాలి. కుంకుడుకాయ కంటే చిన్న ఉండలు చేసి నువ్వుల నూనెలో వేయించాలి. శీరాలో ముంచి పైన చక్కెర పొడి చల్లాలి. అంతే. గుడ్డు లేదు, పాలు లేవు, నెయ్యి లేదు.

ఈ లుక్మాలు హిందుస్తాన్‌కి కూడా వచ్చాయి. 1333లో సింధునది దగ్గరికి చేరిన ఇబ్న్ బతూతా, ముల్తాన్ నుంచి ఢిల్లీ పోయే దారిలో తిన్న దావత్‌ల గురించి తన సఫర్‌నామాలో రాశాడు. సమోసాలు, కోడి పెట్టిన అన్నం తర్వాత ‘లుఖైమాత్ అల్-ఖాజీ’ వచ్చేవట. వాటిని ఇక్కడివాళ్ళు ‘హాషిమీ’ అనేవాళ్ళట. అంటే తుగ్లక్ జమానాలోనే మన దస్తర్‌ఖాన్ మీద డోనట్‌కి చుట్టం కూర్చుని ఉంది.

ఇంకా పడమరకు పోతే మొరాకో, అల్జీరియాల్లో ‘స్ఫెంజ్’ దొరుకుతుంది. అరబ్బీలో ‘ఇస్ఫంజ్’ అంటే స్పాంజీ. మైదా, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్, ఇవే దాని సామాన్లు. తడిపిండిని చేత్తో తీసి, మధ్యలో బొక్క చేసి, సాగదీసి నూనెలో వదులుతారు. వేగిన వాటిని ఆకు పీచుకి దండలా గుచ్చి కట్టి ఇస్తారు. 13వ శతాబ్దపు అందలూసీ వంటల కితాబుల్లో కూడా ఇస్ఫంజ్ ఉంది. ముసల్మానులే కాదు, యూదులు కూడా తమ హనూకా పండుగకు దీన్ని చేసుకుంటారు. ఎవరి మజ్‌హబ్ వాళ్ళదే, కడాయి మాత్రం ఒకటే.

మరి డోనట్‌లోకి గుడ్డు, పాలు, వెన్న ఎక్కడ నుంచి వచ్చాయి? ఇక్కడే నాకు అసలు దిల్‌చస్ప్ విషయం దొరికింది. వాటిని తెచ్చింది ఉపవాసమే. పాతకాలం యూరప్‌లో ఈస్టర్‌కి ముందు నలభై రోజులు కిరస్తానీలు మాంసంతో పాటు గుడ్లు, పాలు, వెన్న కూడా ముట్టేవాళ్ళు కాదు. రోజాల ముందు రోజు ఇంట్లో ఉన్న గుడ్లు, కొవ్వు ఖరాబ్ కాకుండా అన్నీ పిండిలో కలిపి వేయించుకుని తినేసేవాళ్ళు. జర్మనీ వాళ్ళ క్రాప్‌ఫెన్, పోలండ్ వాళ్ళ పోంచ్‌కీ అలాంటి పండుగ పిండివంటలే. ‘వీగన్’ అనే లఫ్జు లేని రోజుల్లోనే యూరప్ ఏడాదిలో నలభై రోజులు దాదాపు వీగన్‌గా ఉండేదన్నమాట.

అమెరికాకి డోనట్‌ని తీసుకుపోయింది డచ్చివాళ్ళు. ఉర్దూలో వలందేజీలు, పాత తెలుగులో వలందులు. మనకు వాళ్ళు కొత్త కాదు. 17వ శతాబ్దం మొదట్లో కుతుబ్‌షాహీల రాజ్యంలో బందరు రేవులో కొఠీ పెట్టుకున్నారు. బందరులో ఇప్పటికీ వలందపాలెం ఉంది. ఆ శతాబ్దంలోనే అదే ఖౌమ్ వాళ్ళు ఇప్పటి న్యూయార్క్ ఉన్నచోట న్యూ ఆమ్‌స్టర్‌డామ్ కట్టారు. వాళ్ళ వంట పేరు ‘ఓలీకుక్’. అంటే నూనె కేకు. 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ రాసిన న్యూయార్క్ చరిత్రలో డోనట్, ఓలీకుక్ రెండు పేర్లూ పక్కపక్కనే కనిపిస్తాయి.

బొక్క సంగతి చెప్పాలి. 1847లో మెయిన్ రాష్ట్రానికి చెందిన హాన్సన్ గ్రెగరీ అనే ఓడ కుర్రాడు, నడుమ పిండి ఉడకడం లేదని మధ్యభాగం కోసేశానని ముసలితనంలో చెప్పుకున్నాడు. అమెరికాలో అది మషూర్ కిస్సా. స్ఫెంజ్ వేసే మొరాకో ఉస్తాద్‌కీ, గారె తట్టే మన తెలుగు అమ్మకీ ఈ కిస్సా చెబితే నవ్వుతారు. మినప్పిండి గారెకి వేలితో బొక్క పెట్టేది కూడా నడుమ వేడి తగిలి లోపల పచ్చిగా ఉండిపోకూడదనే.

మొదటి ప్రపంచయుద్ధంలో, 1917లో, ఫ్రాన్స్‌లో అమెరికన్ సిపాయిలకు సాల్వేషన్ ఆర్మీ ఆడవాళ్ళు డోనట్లు వేయించి పెట్టారు. 1920లో రష్యా నుంచి వలస వచ్చిన యూదు అడాల్ఫ్ లెవిట్ న్యూయార్క్‌లో డోనట్లు చేసే మెషీన్ తయారుచేశాడు. అక్కడి నుంచి అది కంపెనీల సామాను అయింది. ఆ రోజుల్లో అమెరికాలో వేయించేది ఎక్కువగా పందికొవ్వులో. అంటే సిపాయిలకు అంత ప్యారా అయిన ఆ డోనట్ మా నానీ తినగలిగేది కాదు. మా బిడ్డ అడిగే వీగన్ డోనట్‌ మాత్రం ఆమె బేఫికర్‌గా తినొచ్చు. పందికొవ్వు ఉందా అని పాకెట్టు వెనక చదవాల్సిన పని ఉండదు. ఈ మాట చెప్పాక నానీ కొంచెం మెత్తబడింది.

మామూ సవాల్ మాత్రం అలాగే ఉంది. జానవర్ మీద దయతో తిండి మానడం మనది కాదా?

నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ణి. ఇక్బాల్ ‘బాల్-ఎ-జిబ్రీల్’ 1935లో వచ్చింది. అందులో అబుల్ అలా మఅర్రీ మీద ఒక నజ్మ్ ఉంది. మాంసం ముట్టని ఆ షాయర్‌కి ఒక దోస్తు వేయించిన కౌజుపిట్టను పంపడం దాని కిస్సా. ఇక్బాల్ అందులోంచి కమ్‌జోరీ గురించి, తాఖత్ గురించి సబఖ్ తీశాడు. నాకు మాత్రం ఎన్నడూ ఆ ముసలి షాయర్ మీదే ధ్యాస.

మఅర్రీ 973లో సిరియాలోని మఅర్రత్ అల్-నూమాన్‌లో పుట్టాడు. నాలుగేళ్ళకే అమ్మవారు పోసి చూపు పోయింది. బగ్దాద్ పోయి వచ్చాక ఇల్లు కదల్లేదు. తనను తాను రెండు జైళ్ళ ఖైదీ అనుకునేవాడు. ఒకటి గుడ్డితనం, ఒకటి ఇల్లు. మాంసం, చేప, పాలు, గుడ్లు, తేనె అన్నీ వదిలేసి పప్పు, అంజీర్‌లతో బతికాడు. పాలు పిల్లజానవర్‌ది, గుడ్డు తల్లిది, తేనె ఈగలు తమకోసం దాచుకున్నది, వాటిని లాక్కోవడం జుల్మ్ అనేది ఆయన వాదన. ఫాతిమీల పెద్ద దాయీ అల్-ముఅయ్యద్ ఫిద్దీన్ షీరాజీ దీని మీద ఆయనతో ఖత్‌లలో బహస్ చేశాడు. అల్లా హలాల్ చేసిన దాన్ని నువ్వెందుకు వదిలావని నిలదీశాడు. ఆ ఖత్‌లు ఇప్పటికీ ఉన్నాయి. మా నానీ అడిగిందీ, షీరాజీ అడిగిందీ ఒకే సవాల్. తొమ్మిదిన్నర వందల ఏళ్ళు గడిచాయి, అంతే.

మఅర్రీని ఆలిమ్‌లంతా ఒప్పుకోలేదు. జిందీఖ్ అన్నవాళ్ళూ ఉన్నారు. అయినా 1057లో తన ఊళ్ళోనే, తన ఇంట్లోనే, ముసలితనంతో కన్నుమూశాడు. ఆయన మీద చెయ్యి పడింది మన జమానాలో. 2013లో హథియార్లు పట్టినవాళ్ళు ఆయన ఊళ్ళో నిలిపిన విగ్రహం తల నరికేశారు.

మామూకి నేను చెప్పింది ఇదే. ఫ్రిజ్ తెరిచి చూసేవాడిదీ, విగ్రహం తల నరికేవాడిదీ ఒకటే పని. ఇంకొకడి పళ్ళెం మీద, దిల్ మీద హుకుం చలాయించడం. ఒకడు జబర్దస్తీగా మాన్పించేది వేరు, ఒక పిల్ల తన నియ్యత్‌తో మానేది వేరు. మా బిడ్డ పక్కన కూర్చుని నేను బిర్యానీ తింటాను. తను నన్ను ఏమీ అనదు. బడిపిల్లల గుడ్డు లాక్కోవద్దని నేను రాస్తే దాన్ని మొదట చదివేది కూడా తనే. మామూ పూరా ఒప్పుకోలేదు. కానీ అప్పటి నుంచి ‘వాళ్ళ దిక్కు’ అనే మాట అనడం మానేశాడు.

ఇక తయారీ. ఎయిర్ ఫ్రయర్ 2010లో బెర్లిన్ మేళాలో ఫిలిప్స్ కంపెనీ పెట్టిన చీజు. ఫిలిప్స్ కూడా వలందుల కంపెనీయే. ‘నూనె కేకు’ని అమెరికాకి మోసుకెళ్ళిన ఖౌమే, దాన్ని నూనె లేకుండా చేసే డబ్బా కూడా దునియాకి అమ్మింది. నిజానికి అందులో వేగేది ఏమీ లేదు. పైన కాయిల్ వేడెక్కుతుంది, ఫ్యాను ఆ వేడిగాలిని జోరుగా తిప్పుతుంది. అదొక చిన్న భట్టీ. అందుకే జారుగా ఉండే పిండి అందులో పనికిరాదు. జిలేబీ, గుల్గులే, లుక్మాలు వేస్తే జాలీలోంచి కారిపోతాయి. గట్టిగా పిసికిన పిండే కావాలి.

పావుకిలో మైదా, 30 గ్రాముల చక్కెర, ఒక చిన్న చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్, చిటికెడు ఉప్పు, కొంచెం ఇలాయిచీ పొడి కలపాలి. గోరువెచ్చని సోయాపాలు 140 మిల్లీలీటర్లు, రెండు పెద్ద చెంచాల నూనె పోసి పది నిమిషాలు బాగా పిసకాలి. సోయాపాలు లేకపోతే పల్చటి కొబ్బరిపాలు చాలు. గుడ్డు మెత్తదనం కావాలంటే చనా ఉడికించిన చిక్కటి నీళ్ళు, ఉప్పు వేయకముందువి, మూడు పెద్ద చెంచాలు పోసి పాలు అంతమేర తగ్గించండి. ఆ నీళ్ళు గుడ్డులా పనిచేస్తాయని 2014లో ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ అనే ఆయన బయటపెట్టాడు. రంజాన్‌లో మన ఇళ్ళల్లో చనా రోజూ ఉడుకుతుంది, ఆ నీళ్ళు రోజూ మోరీలో పోతాయి.

పిండి రెట్టింపయ్యేదాకా గంటసేపు మూతపెట్టాలి. వేలు మందాన ఒత్తి, గ్లాసుతో గుండ్రంగా కోసి, సీసా మూతతో నడుమ బొక్క తీయాలి. మళ్ళీ అరగంట వదలాలి. రెండు వైపులా నూనె రాసి, 180 డిగ్రీల వేడి మీద అయిదారు నిమిషాలు ఉంచాలి, నడుమ ఒకసారి తిప్పాలి. బయటికి తీయగానే ఇంకోసారి నూనె రాసి చక్కెర పొడిలో దొర్లించాలి. ఆరిపోతే చక్కెర అంటదు.

ఒక్క మాట యాద్ పెట్టుకోండి. నూనెలో వేగిన డోనట్ కంటే ఇది తొందరగా గట్టిపడుతుంది. పొద్దున చేసి సాయంత్రం దాకా దాచొద్దు. మగ్రిబ్ అజాన్‌కి పావుగంట ముందు పెడితే సరిపోతుంది.