మిద్దె అంగడి

మిద్దె అంగడి అంటే రాయలసీమ పాత బజారు వీధుల్లో నాపరాయి, కలప, చవుడు మట్టితో కట్టిన, చదునైన కప్పు గల దుకాణ భవనం. పక్క గోడలు పొరుగు అంగళ్లతో కలిసిపోతాయి కనుక, వీధివైపు ముఖభాగమే దాని గుర్తింపు.

ఈ రూపాన్ని ప్రధానంగా నిర్ణయించింది స్థానిక శిల. బేతంచెర్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల్లో దొరికే నర్జి సున్నపురాయి పలకలుగా చీలుతుంది. ఇదే కడప బండగా దేశమంతా ప్రసిద్ధం. భూవిజ్ఞాని విలియం కింగ్ 1872లో ఈ రాయితో కూడిన కడప, కర్నూలు శిలా శ్రేణులను సవివరంగా వర్ణించాడు. మెట్లు, అరుగు, గడప, గూళ్ల అరలు, వాకిలి మీద ఎండను ఆపే బండ అన్నిటికీ ఈ రాయే వాడారు.

అరుగు వీధి మట్టం కన్నా ఎత్తుగా ఉంటుంది. వ్యాపారి పైన కూర్చుంటే, కొనేవారు వీధిలోనే నిలబడి బేరమాడతారు. రెక్కల తలుపులకు బదులు గాడిలో వరుసగా అమర్చే నిలువు చెక్క పలకలుంటాయి. వాటిని తీసేస్తే అంగడి వెడల్పంతా తెరుచుకుంటుంది. రాత్రి మళ్లీ బిగించి అడ్డంగా ఇనుప పట్టీ వేసి తాళం పెడతారు.

కప్పుకు దూలాలు, వాటిపై దంతెలు, బండలు, ఆపైన మందంగా చవుడు. క్షారగుణమున్న ఈ మట్టి తడిసినప్పుడు బిగిసి, నీటిని దిగనివ్వదు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వానే పడే సీమకు ఇది సరిపోయింది. వేసవి వేడినీ అడ్డుకుంది.

20వ శతాబ్దంలో కాంక్రీటు, ఇనుప షట్టర్లు ఈ పద్ధతిని వెనక్కు నెట్టాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ వరదకు కర్నూలు పాత నగరం మునిగింది. నిలిచిన నీరు మట్టి కట్టడాలకు తీవ్ర హాని చేస్తుంది. అయినా కొత్త దుకాణాల్లోనూ అరలకు, నేలకు కడప బండ వాడకం కొనసాగుతోంది.