మట్టి పుట్టుపూర్వోత్తరాలు

1993లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మా క్లీవ్‌లాండ్ ఉన్న కయహోగా కౌంటీకి రెండు లక్షల డాలర్లు ఇచ్చింది. మట్టిని శుభ్రం చెయ్యడానికి కాదు, పాడుబడ్డ ఫ్యాక్టరీ స్థలాల్లో ఏముందో, వాటినేం చెయ్యచ్చో తేల్చుకోవడానికి. ఈ పథకం కింద దేశంలో సాయం అందుకున్న మొదటి చోటు ఇదే. ఈ సంగతి చెప్తే మిత్రులు "చూడ్డానికే అంత డబ్బా?" అని నవ్వుతారు. దాని వెనక వందేళ్ళ పైచిలుకు కథ ఉంది మరి.

కయహోగా నది మా ఊరి మధ్యనుంచి వంకరటింకరగా పోయి ఈరీ సరస్సులో కలుస్తుంది. రాక్‌ఫెల్లర్ 1870లో స్టాండర్డ్ ఆయిల్ పెట్టింది ఈ ఊళ్ళోనే. ఆ రోజుల్లో ముడిచమురు నుంచి అందరికీ కావలసింది దీపాల కిరోసిన్. పెట్రోలు పనికిరాని సరుకు, చాలామంది దాన్ని ఏట్లోకి వదిలేసేవారు! తరవాత ఉక్కు, రంగులు, రసాయనాలు వచ్చాయి. 1868 నుంచీ నది ఎన్నోసార్లు అంటుకుంది. 1952 నాటి మంటలో నష్టం పది లక్షల డాలర్లు దాటింది. 1969 జూన్ 22న రేగింది అరగంటలో ఆరిపోయింది గానీ, పేరంతా దానికే వచ్చింది. టైమ్ పత్రిక ఆ వార్తకు వేసిన ఫోటో మాత్రం 1952 నాటిది. మేయర్ కార్ల్ స్టోక్స్ మర్నాడే విలేఖరులను వెంటబెట్టుకుని నదిగట్టున తిప్పాడు.

పైనుంచి వచ్చే చెత్తను ఆపితే నీళ్ళు మెల్లగా తేరుకుంటాయి. 1972 చట్టం తరవాత కయహోగా తేరుకుంది కూడా. మట్టికి ఆ వెసులుబాటు లేదు. పైగా లవ్ కెనాల్ ఉదంతం తరవాత 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం, తాతల కాలంలో ఎవరో పోసిన విషానికి కూడా నేటి యజమానిని బాధ్యుణ్ణి చేసింది. ఉద్దేశం మంచిదే. కానీ నగరంలో పాత ఫ్యాక్టరీ స్థలమంటే బ్యాంకులు అప్పివ్వడానికి జంకాయి, కొనేవాళ్ళు శివార్లలో పచ్చటి పొలాలు వెతుక్కున్నారు. విషం ఉన్న స్థలమూ, లేని స్థలమూ ఒకేలా తుప్పలు మొలిచి పడున్నాయి. ఇలాంటి వాటికే బ్రౌన్‌ఫీల్డ్ అని పేరు. 1950లో తొమ్మిది లక్షలు దాటిన క్లీవ్‌లాండ్ జనాభా 2020కి 3,72,624. ఎక్కడికీ కదలలేని పేదలు, ముఖ్యంగా నల్లజాతి వాళ్ళు, ఆ తుప్పల పక్కనే మిగిలారు.

ఇక ఆ 'చూడ్డం' సంగతి. మొదటి దశలో గునపం ముట్టుకోరు. అదంతా చరిత్రకారుడి పని. పాత డైరెక్టరీలు, ఆకాశం నుంచి తీసిన ఫోటోలు, దస్తావేజులు, అన్నిటికంటే ముఖ్యంగా శాన్‌బోర్న్ మ్యాపులు. అగ్నిప్రమాదాల బీమా కంపెనీల కోసం గీసినవి ఇవి. ఇటుక కట్టడానికి గులాబీ రంగు, చెక్కదానికి పసుపు. ఏ మూల నూనె ట్యాంకు ఉందో కూడా గుర్తు పెట్టేవారు. వీటిలో చాలా భాగం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో ఉన్నాయి. వాటిని చూస్తూ నేను ఎన్ని రాత్రిళ్ళు తెల్లవార్చానో! లోహాలకు పూత పూసే షాపు ఉండేదంటే క్రోమియం కోసం వెతకాలి, డ్రై క్లీనింగ్ అయితే క్లోరిన్ ద్రావకాల కోసం. అనుమానం గట్టిపడితేనే రెండో దశ: బోరు వేసి మట్టినీ, నీటినీ ల్యాబుకి పంపడం.

2002 జనవరిలో బుష్ సంతకం చేసిన చట్టంతో ఈ చరిత్ర కాగితాలకు ఇంకో బలం వచ్చింది. ముందే ఇలా విచారించి, ఆ తరవాత కూడా జాగ్రత్తగా ఉన్న కొనుగోలుదారుకి పాత పాపాల బాధ్యత నుంచి రక్షణ దొరికింది. 2021 మౌలిక వసతుల చట్టం బ్రౌన్‌ఫీల్డ్‌లకు 150 కోట్ల డాలర్లు కేటాయించింది. నా అనుమానమల్లా ఒకటే. నది కనబడే స్థలాలకు ఎలాగూ అపార్ట్‌మెంట్లు వస్తాయి. పేద వీధి చివర మూతబడ్డ పూత షాపు వంతు ఎప్పుడు?

భారతదేశంలో కలుషిత స్థలాలకంటూ ప్రత్యేక నిబంధనలు 2025లో వచ్చాయి. అది చదవగానే నాకు పటాన్‌చెరు, నక్కవాగు గుర్తొచ్చాయి. ఇక్కడి మొదటి దశలో పాత యజమానులను, తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి అడగడం కూడా ఒక భాగం. అక్కడ ఏ షెడ్డులో ఏం వండేవారో, మిగిలింది ఎటు వదిలేవారో చెప్పగల ముసలి కార్మికులు ఇంకా ఉండే ఉంటారు. వాళ్ళ దగ్గర ఎవరైనా ఓ నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటే బావుణ్ణు.